డెలివరీ తర్వాత ఇంటికొచ్చే డౌలా ఏం చేస్తుంది? ఆయమ్మ ఉంటే సరిపోదా?

ఇద్దరి పనీ వేరండీ. మన బెజవాడలో నీళ్ళు పోసే ఆయమ్మ వచ్చి బిడ్డకి నూనె రాసి స్నానం చేయించి సాంబ్రాణి వేసి వెళ్ళిపోతుంది (ఆ పొగ పసిబిడ్డకి మంచిది కాదు, వద్దనండి), డౌలా మాత్రం ఎక్కువగా బాలింతనే చూసుకుంటుంది, అంటే పాలిచ్చేటప్పుడు పక్కన కూర్చుని బిడ్డ చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ నల్లటి భాగం కూడా నోట్లోకి తీసుకుందా లేదా చూడటం, రాత్రి బిడ్డని ఎత్తుకుని తల్లిని కాసేపు పడుకోనివ్వడం, తల్లి ఊరికే ఏడుస్తుంటే సలహాలు మొదలెట్టకుండా వినడం. మందులు, ఇంజెక్షన్లు ఆవిడ పని కాదు. జ్వరమొచ్చినా, బిడ్డ పాలు మానేసినా, అరిచేతులు అరికాళ్ళు పచ్చబడినా డైరెక్ట్‌గా హాస్పిటల్‌కే. అన్నట్టు హాస్పిటల్ కాన్పైతే ఆశా వర్కర్ 3వ రోజు నుంచి 42వ రోజు దాకా 6 సార్లు ఫ్రీగా ఇంటికొచ్చి చూడాలి, డబ్బులిచ్చి ఎవర్నైనా పెట్టుకునే ముందు ఆవిడ్ని అడగండి.