క్యాజువాలిటీలో హౌస్ సర్జన్లకు పని నేర్పడం

అమ్మా,

ఆశీస్సులు. క్యాజువాలిటీలో హౌస్ సర్జన్ల శిక్షణ నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఎలా మొదలుపెట్టాలని అడిగావు కనుక, నాకు తోచినది రాస్తున్నాను.

ముందు స్లయిడ్లు పక్కన పెట్టు. పురుగుమందు విషం లక్షణాలను పరీక్షలో పొల్లుపోకుండా ఏకరువు పెట్టిన పిల్లలే, నోట నురగతో ఒక రైతు స్ట్రెచర్ మీద వచ్చేసరికి, చుట్టూ బంధువుల ఏడుపుల మధ్య ఏ పని ముందో తేల్చుకోలేక నిలబడిపోతారు. అందుచేత ఆ వార్డులోనే, రద్దీ తగ్గిన వేళ చూసి, నిత్యం వాడే ఎమర్జెన్సీ ట్రాలీ దగ్గరే సాధన చేయించు. నోట్లోని స్రావాలను లాగే సక్షన్ యంత్రం పని చేస్తోందో లేదో, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగుకు సరిపడే మాస్కు ఉందో లేదో కూడా అప్పుడే బయటపడుతుంది. శిక్షణకు వాడే మనిషి బొమ్మ దొరకకపోతే వాళ్లలో ఒకరినే రోగిగా పడుకోబెట్టవచ్చు. ఛాతీ నొక్కడం మాత్రం బొమ్మ మీదే నేర్పాలి.

ఆర్గనోఫాస్ఫరస్ రకం పురుగుమందు తాగిన కేసుతోనే మొదలుపెట్టమంటాను. ఒకరు నోరు శుభ్రం చేసి ఆక్సిజన్ పెడుతుండగా, మరొకరు సిరలో లైను వేయాలి, మూడోవారు విరుగుడు మందు అట్రోపిన్‌ను సిరంజిలోకి లాగాలి. మొదటి మోతాదు 1.8 నుంచి 3 మి.గ్రా. అని అందరూ చెబుతారు. అది 0.6 మి.గ్రా. అంపుళ్లలో 3 నుంచి 5 అవుతుందనీ, 5 నిమిషాల తర్వాత ఊపిరితిత్తుల్లో చెమ్మ తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేయాలనీ, అందుకు అంపుళ్లు ముందే పగలగొట్టి ఉంచుకోవాలనీ చేతితో చేస్తేనే ఒంటబడుతుంది. కనుపాపలు పెద్దవయ్యాయని ఆపేసేవారు ఎక్కువ. స్టెతస్కోపు పెట్టి ఛాతీ వినకుండా, నాడి 80 దాటిందో లేదో, సిస్టాలిక్ బీపీ (పై అంకె) 80 పైన ఉందో లేదో చూడకుండా ఎవరినీ ఆ నిర్ణయానికి రానివ్వకు.

“ఎవరైనా అట్రోపిన్ ఇవ్వండి” అన్న మాట వినబడితే సాధన అక్కడే ఆపించు. పేరు పెట్టి పిలవాలి, మోతాదు చెప్పాలి, విన్నవారు దాన్ని తిరిగి చెప్పాలి, ఇచ్చాక ఇచ్చానని చెప్పాలి. స్టాఫ్ నర్సులను కూడా ఈ సాధనలో కూర్చోబెట్టు. రాత్రి డ్యూటీలో ఈ పిల్లలకు అసలు దిక్కు సీనియర్ సిస్టరే.

నిజమైన రోగి వచ్చినప్పుడు నీవు వెనక నిలబడి వాళ్లనే చేయనివ్వాలి. కాని ఏ స్థితిలో నీవు పగ్గాలు తీసుకుంటావో ముందే చెప్పి ఉంచు, అప్పుడు పక్కకు జరగడం వాళ్లకు అవమానంగా తోచదు. బంధువుల ఎదుట మందలించవద్దు. పని ముగిశాక పది నిమిషాలు కూర్చొని, ముందు వాళ్లు ఏం చూశారో చెప్పనివ్వు. నీ తీర్పు తర్వాత.

డ్యూటీ అప్పగింత కూడా ఈ శిక్షణలో భాగంగానే ఉండాలి. ఈ విషం నుంచి తేరుకున్నట్టు కనిపించిన రోగికి 24 నుంచి 96 గంటల లోపు మెడ కండరాలు, ఊపిరి కండరాలు నీరసించే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ప్రతి షిఫ్టులోనూ రోగిని దిండు మీంచి తల ఎత్తమని అడగడం, ఎత్తగలిగాడో లేదో కేస్ షీటులో రాయడం వాళ్లకు మొదటి వారంలోనే అలవాటు చేయించు.