నాకు తగ్గించిన మాత్రే పక్కింటావిడకూ ఇచ్చాను.. తప్పా?

ప్రశ్న: నా వయసు 58. మోకాళ్ల నొప్పులకు డాక్టర్ రాసిన ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్రతో నాకు బాగా తగ్గింది. పక్కింటి పెద్దావిడకు 70 ఏళ్లుంటాయి, ఆవిడకూ అదే బాధ. రెండు స్ట్రిప్పులు ఇచ్చి, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకోమన్నాను. ఆవిడ బీపీకి టెల్మిసార్టాన్‌తో పాటు నీరు పోయే మాత్ర కూడా వాడతారు. వారం తిరిగేసరికి పాదాలు వాచాయి, బీపీ 170/100 అయింది. వాళ్ల కోడలు ‘మీ పని మీరు చూసుకోండి ఆంటీ’ అని ముఖం మీదే అనేసింది. నిజంగా నా మాత్ర వల్లే ఇలా అయిందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చాలావరకు ఆ మాత్ర వల్లే అయి ఉంటుంది. కోడలి మాట కటువుగా ఉన్నా, మందుల వరకు ఆమె అన్నది సరైనదే.

ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు కాకుండా అడ్డుకుంటాయి. నొప్పి, వాపు తగ్గేది అందుకే. అయితే కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలు మూసుకుపోకుండా చూసేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అవి తగ్గితే కిడ్నీ ఉప్పునూ నీటినీ బయటకు వదలదు. పాదాలు ఉబ్బుతాయి, బీపీ మాత్ర పట్టు సడలుతుంది. ఆవిడ విషయంలో ఇంకో చిక్కుంది. టెల్మిసార్టాన్ కిడ్నీ వడపోత మీద ఒత్తిడి తగ్గిస్తుంది, నీరు పోయే మాత్ర ఒంట్లో ద్రవాన్ని తగ్గిస్తుంది. వాటికి నొప్పి మాత్ర తోడైతే, వయసు మీద పడినవారిలో కిడ్నీ రోజుల్లోనే దెబ్బతినొచ్చు. మీరు ఆ రెండూ వాడకపోతే మీకేమీ కాకపోవడంలో వింతేమీ లేదు.

ఆవిడ ఆ మాత్ర వెంటనే మానేయాలి. బీపీ మాత్రలు మాత్రం సొంతంగా ఆపకూడదు, వాటిని ఉంచాలో కొన్నాళ్లు ఆపాలో డాక్టర్ చెబుతారు. ఒకటి రెండు రోజుల్లోనే సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష), పొటాషియం, మూత్ర పరీక్ష చేయించాలి. మూత్రం బాగా తగ్గినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, వాంతులైనా, మలం తారులా నల్లగా వచ్చినా రేపటిదాకా ఆగొద్దు. నల్లటి మలం అంటే కడుపులో పుండు పడి రక్తం కారుతున్నట్టు. గుండె కోసం ఆస్పిరిన్ 75 వాడేవారిలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

ఇక్కడ మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఖాళీ స్ట్రిప్పు కోడలి చేతికిచ్చి, ఎన్ని మాత్రలు మింగారో చెప్పండి. మొహమాటానికి దాచేస్తే ఏమవుతుందంటే, బీపీ మందు చాలడం లేదనుకుని డాక్టర్ ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మాత్ర కలుపుతారు. దానివల్ల కొందరికి పాదాలు వాస్తాయి. ఆ వాపుకి నీరు పోయే మాత్ర డోసు పెంచుతారు. కిడ్నీ మీద భారం ఇంకా పెరుగుతుంది. మొదటి మాత్ర సంగతి తెలిస్తే ఇవేవీ అక్కర్లేదు.

ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకునే మందుల్లో నొప్పి మాత్రల కన్నా భయపెట్టేది గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర. కిడ్నీ సరిగా లేనివారు మింగితే షుగర్ పడిపోయి, గ్లూకోజ్ ఎక్కించాక కూడా మళ్లీ మళ్లీ పడిపోతుంది. ఆస్పత్రిలో ఒక రోజైనా కనిపెట్టుకుని ఉండాలి. మిగిలిపోయిన యాంటీబయాటిక్, పేరు లేని పొట్లంలో కట్టిచ్చిన ‘కీళ్ల మందు’ కూడా ఇదే కోవలోవి. ఆ పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది కాబట్టే ఒక్క రోజులో నొప్పి మాయమవుతుంది. వారాల తరబడి వాడి హఠాత్తుగా మానేస్తే అదీ ప్రమాదమే. స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ మీదే వాడాల్సిన మందు.

అలాగని పక్కింట్లో ఏం జరిగినా తలుపేసుకోమని కాదు. మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక చెయ్యి పడిపోయినా, ఛాతీలో నొప్పితో చెమటలు పట్టినా అడగకుండానే వెళ్లి 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల లోపే ఇవ్వాలి. లక్షణాలు మొదలైన సమయం కాగితం మీద రాసి పంపండి. నోట్లో నీళ్లు కూడా పోయొద్దు, పొరబోతుంది.

ఇక మీ సంగతి. ఆ మాత్ర ఎన్నాళ్లుగా వాడుతున్నారో రాయలేదు, పక్కింటికి ఇచ్చేన్ని ఇంట్లో ఉన్నాయంటే డాక్టర్ రాసిన రోజులు దాటిపోయి ఉంటాయనిపిస్తోంది. చీటీ తీసి ఎన్ని రోజులకు రాశారో చూడండి. గడువు దాటితే ఆపి, మీరు కూడా బీపీ చూపించుకుని క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.