సోబా సాస్‌లో అసలు సంగతి సోయా కాదు, నీళ్ళు

జపాన్ వాళ్ళ సోబా నూడుల్స్ ముంచుకు తినే సాస్ ఇంట్లో ఎలా చేసుకోవాలి, సోయాసాస్‌లో పంచదార, నిమ్మరసం కలిపేస్తే సరిపోతుందా అని అడిగారు కదా. ఇంట్లో హాయిగా చేసుకోవచ్చండీ, కానీ ఆ సోయా-పంచదార-నిమ్మరసం వీడియోలు మాత్రం దయచేసి నమ్మకండి. పులుపు ఉండేది పొంజు, అది వేరే సాస్. సోబాకి ఇచ్చేది త్సుయు, అందులో మూడింట రెండొంతులు ఉండేది దాషి, అంటే సముద్రపు నాచూ ఎండు చేపా నానిన నీళ్ళు. ఆ నీళ్ళు బాగుంటేనే సాస్ బాగుంటుంది, లేకపోతే ఎంత ఖరీదైన సోయాసాస్ పోసినా ఉప్పునీళ్ళే.

నేను టోక్యోలో నిషి-కసాయ్‌లో ఉంటాను, మనవాళ్ళు చాలామంది ఉండే ఏరియానే. రెండేళ్ళ క్రితం ఆగస్టులో తెనాలి నుంచి మా అత్తగారు వచ్చారు. ఇక్కడి ఆగస్టు ఉక్క ఎలా ఉంటుందంటే ఆవిడకి అన్నం కూడా సయించలేదు, చల్లటి సోబా అయితే కాస్త లోపలికి పోతుందని నా ఆశ. బయట తినిపిద్దామంటే దాదాపు ప్రతి త్సుయులోనూ కత్సువోబుషి, అంటే పొగబెట్టి ఎండబెట్టి పొరలు పొరలుగా చెక్కిన చేప. ఆవిడ చేప ముట్టరు. ఒక హోటల్లో అడిగితే చేప లేదన్నారు, తీరా గుచ్చి గుచ్చి అడిగాక దాషిలో ఉందన్నారు. కంటికి ముక్క కనిపించకపోతే చేప లేనట్టేనా, నాకు ఇప్పటికీ కోపమే. అందుకే ఇంట్లో ఎండు షిటాకే పుట్టగొడుగులూ, కొంబూ పెట్టి చేద్దామని దిగాను.

కొంబు అంటే అట్టముక్కలా ఎండిన నాచు, ఎక్కువగా జపాన్ ఉత్తరాన ఉండే హొక్కైడో నుంచి వస్తుంది. దానిమీద తెల్లటి పొడి ఉంటే బూజేమో అనుకుని కుళాయి కింద పెట్టి బాగా రుద్ది కడిగేశాను. తర్వాత పుట్టగొడుగులతో కలిపి మన చారులాగే 20 నిమిషాలు తెర్లించాను. జిగురుగా వచ్చింది, నాచు వాసన, నాలుక చివర చేదు. మొత్తం పారబోశాను.

ఆ సాయంత్రం పక్కింటి పెద్దావిడకి గిన్నె తిరిగివ్వడానికి వెళ్ళి మాటల్లో ఈ సంగతి చెప్పా (నాది వచ్చీరాని జపనీస్, మా పాప పక్కనుండి అందిస్తూ ఉంది). తెల్లపొడి కడిగేశానని చెప్పగానే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "మొత్తైనై" అన్నారు, అయ్యో దండగ చేశావే అని. ఆ పొడి బూజు కాదట, కొంబులోంచే బయటికొచ్చి గట్టిపడ్డ రుచేనట. వాళ్ళింట్లో కొంబు ముక్క పట్టుకుని అప్పటికప్పుడు మా వంటింట్లోకి వచ్చారు. తడిగుడ్డతో ఒక్కసారి అలా పైపైన అద్దారు, అంతే. జగ్గులో లీటరు చల్లనీళ్ళు, 10 గ్రాముల కొంబు, అయిదు ఎండు పుట్టగొడుగులు వేసి ఫ్రిజ్‌లో పెట్టి రేపొస్తానని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే వచ్చి ఆ నీళ్ళు గిన్నెలో పోసి సన్నటి సెగ మీద పెట్టారు. పక్కకి కదల్లేదు, మాట్లాడలేదు, గిన్నెలోకే చూస్తూ నిలబడ్డారు. గిన్నె అడుగున ఆవగింజలంత బుడగలు లేచాయో లేదో చాప్‌స్టిక్స్‌తో కొంబు లాగేశారు. మరగనివ్వకూడదు, మరిగితే నువ్వు పారబోసిందే మళ్ళీ వస్తుంది అన్నట్టు నా వైపు చూశారు. పుట్టగొడుగులు మాత్రం ఇంకాసేపు ఉంచి తీశారు. నీళ్ళు పలచటి టీ రంగులో ఉన్నాయి. చిటికెడు ఉప్పు వేసి చెంచాతో ఇచ్చారు, మింగేశాక కూడా ఆ రుచి నోట్లోనే కూర్చుంది.

ఇందులో మాయేం లేదు. 1908లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కికునాయె ఇకెదా ఈ కొంబులోంచే గ్లుటమేట్ తీసి ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. మన ఫాస్ట్‌ఫుడ్ బండి మీద వేసే టేస్టింగ్ సాల్ట్ కథ మొదలైంది అక్కడే. ఎండు షిటాకేలో గ్వానిలేట్ ఉంటుంది, కత్సువోబుషిలో ఇనోసినేట్ ఉంటుంది, ఇవీ అలాంటి రుచినిచ్చేవే, వీటిలో ఏది కొంబుతో కలిసినా రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే ఒక్క కొంబుతో సరిపెట్టుకోకండి. చేప తినేవాళ్ళయితే పుట్టగొడుగుల బదులు, కొంబు తీసేశాక నీళ్ళు మరిగించి స్టవ్ ఆపి, కత్సువోబుషి 30 గ్రాములు వేసి రెండు నిమిషాలాగి గుడ్డలో వడకట్టండి. పిండకండి, చేదొస్తుంది.

ఇక కొలత. దాషి 2 కప్పులు, సోయాసాస్ అరకప్పు, మిరిన్ (వంటలో వాడే తియ్యటి బియ్యపు సారా) అరకప్పు. ముందు మిరిన్ ఒక్కటే మరిగించి ఆ ఘాటు పోగొట్టి, సోయా, దాషి పోసి ఒక్క పొంగు రాగానే దించి చల్లార్చాలి. అసలు మిరిన్‌లో ఆల్కహాల్ 14 శాతం దాకా ఉంటుంది కాబట్టి మా అత్తగారికి చెప్పి ఆవిడ వాటా వరకు మిరిన్ బదులు 3 టేబుల్‌స్పూన్ల పంచదార వేశాను, ఆ నిగారింపు తగ్గింది గానీ రుచి బాగానే వచ్చింది. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. సోబా కొట్లవాళ్ళు సోయా, పంచదార, మిరిన్ కాచి కాయెషి అని ముందే చేసుకుని వారం పైనే ఊరబెడతారు, మనం పులిహోర పులుసు కాచి సీసాలో పెట్టుకున్నట్టు.

సోయాసాస్ కొనేటప్పుడు సీసా వెనక చదవండి, కారమెల్ రంగు అని ఉంటే అది ఫ్రైడ్ రైస్‌కి వాడుకోండి, దీనికొద్దు. సోయా, గోధుమ, ఉప్పు పులియబెట్టినదే కావాలి. రెడీమేడ్ త్సుయు కొంటే 2 రెట్లు, 3 రెట్లు చిక్కనిది అని సీసా మీదే రాసి ఉంటుంది, మనవాళ్ళు అది చూడకుండా నీళ్ళు కలపకుండా పోసుకుని జపాన్ తిండంతా ఉప్పే అంటారు, వింటుంటే బాధేస్తుంది.

తినేటప్పుడు సోబా మొత్తం ముంచెయ్యకండి, చివర మూడోవంతు తగిలితే చాలు. అయిపోయాక మిగిలిన త్సుయులో సోబా ఉడికించిన వేడినీళ్ళు పోసుకుని తాగుతారు, ఆ వేడినీళ్ళని సోబాయు అంటారు. మా అత్తగారు ఆ రోజు రెండుసార్లు పెట్టించుకుని తిని, ఆ నీళ్ళు తాగి, "ఇది మన గంజేనే అమ్మాయ్" అన్నారు. ఊరెళ్ళేటప్పుడు సూట్‌కేసులో రెండు ప్యాకెట్ల కొంబు పెట్టించుకున్నారు. చారు కాచే నీళ్ళలో నానబెట్టి తీసేస్తున్నారట, మొన్న ఫోన్ చేసి అయిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపమన్నారు.