నిద్ర కోసం హెర్బల్ టీ కొంటున్నారా? ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పండి

"రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, చామొమైల్ లాంటి హెర్బల్ టీలు పనిచేస్తాయా, ఏది కొనాలి?" అని అడిగారు. మా ఇంట్లో నిద్ర గురించి అందరికంటే ఎక్కువ మాట్లాడేది మా అత్తయ్యగారు. ఆవిడ సంగతే చెబుతాను.

డెబ్భై దాటాయి. అర్ధరాత్రి లేచి వంటింట్లో గిన్నెలు సర్దుతుంటారు. న్యూజెర్సీలో ఉండే మా వదిన సంక్రాంతికి వస్తూ ఓ డబ్బా చామొమైల్ తెచ్చింది. వేణ్ణీళ్లలో ఎండుపూలు తేలుతుంటే అత్తయ్యగారు తొంగిచూసి, "దేవుడి నిర్మాల్యం మరగబెట్టి నాకు పోస్తారుటే?" అన్నారు. మన చామంతి, ఇది ఒకటి కాదమ్మా, ఒకే కుటుంబం మొక్కలంతే అని వదిన చెబుతూనే ఉంది. వింటేగా! "పాలేవీ?" అని చిక్కటి పాలు పోయించుకుని, పంచదార వేయించుకుని మరీ తాగారు. ఆ రాత్రి గిన్నెల చప్పుడు లేదు. తెల్లారి పాలబ్బాయి దగ్గర్నుంచి ఎదురింటావిడ దాకా అందరికీ అమెరికా పూల మహిమ చెప్పేశారు.

నా లెక్క వేరు. ఆ రోజు సాయంత్రం వదిన ఆవిణ్ణి కొండమీద దుర్గమ్మ దర్శనానికి తీసుకెళ్లింది. క్యూలో నాలుగింటి కాఫీ పోయింది, ఆరింటి కాఫీ కూడా పోయింది. తాగిన కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. కాబట్టి నిద్రపుచ్చింది ఆ పువ్వు కాదు, తాగని కాఫీ. ఈ మాట ఆవిడ ముందు అనే ధైర్యం మాత్రం నాకు లేదు.

డబ్బా అయిపోయాక మావారు సూపర్ మార్కెట్ నుంచి "చామొమైల్ గ్రీన్ టీ" తెచ్చారు. ప్యాకెట్ మీద చందమామ, చుక్కలు. అది తాగి అత్తయ్యగారు తెల్లవార్లూ మేలుకుని విష్ణు సహస్రనామం పైకి చదివారు, మేమంతా విన్నాం. పొద్దున ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే మొదటి పేరే గ్రీన్ టీ ఆకు! అది మనం రోజూ తాగే టీ మొక్క ఆకే. కాఫీలో ఉన్నంత లేకపోయినా కెఫీన్ ఉంటుంది. ముందువైపు అంత పెద్ద చందమామని వేసినవాళ్లకి వెనక ఆ అక్షరాలు కాస్త పెద్దవి వేయడానికి ఏం రోగం? భూతద్దం ఉంటే తప్ప కనబడవు. కొంటే అందులో గ్రీన్ టీ, బ్లాక్ టీ కలవని ఉత్త చామొమైల్ కొనండి, లేదా పెరట్లో తులసాకులు వేసుకుని మరిగించుకోండి.

వలేరియన్ అని ఒక మొక్క వేరుతో చేసేది ఇంకోటి అమ్ముతారు, ఆ మొక్క మన జటామాంసికి బంధువు. నిద్రలేమికి దాన్ని వాడొద్దనే అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2017లో సూచించింది. రక్తం పలచబడే వార్ఫరిన్ వేసుకునేవాళ్లు చామొమైల్ కూడా డాక్టర్ని అడక్కుండా తాగొద్దు. పువ్వే కదా అనుకోవద్దు.

జాజికాయ పాలా? చిటికెడు చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ నిద్ర వస్తుందని చెంచాలతో వేసుకుంటే గుండె దడ, మతిభ్రమణ దాకా వెళ్తుంది. గసగసాల పాలు మా అమ్మ చేసేది, బాగుంటాయి. కానీ దుబాయ్ వెళ్లేవాళ్లు సూట్‌కేసులో గసగసాలు పెట్టుకోవద్దు, అక్కడ నిషేధం. మసాలా పొట్లం అనుకుని వెళ్లి జైలుపాలైన మనవాళ్లున్నారు.

ఇంకో విషయం, ఏ టీ అయినా పడుకోబోయే ముందు గ్లాసుడు తాగితే ఆ వయసులో మధ్యరాత్రి బాత్రూమ్‌కి లేవాల్సిందే. మా ఇంట్లో ఇప్పుడు ఎనిమిదింటికే ఇస్తున్నాం, అదీ చిన్న కప్పుతో. మూడు గంటల తర్వాత కాఫీ డికాక్షన్ తీయడం మానేశాను. అత్తయ్యగారు నాతో మాట్లాడడం తగ్గించారు గానీ పడుకుంటున్నారు. మా వీధి చివర ఫంక్షన్ హాల్లో డీజే ఉన్న రోజు మాత్రం ఏ ఆకూ పనిచేయదు.

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా ఇదే అవస్థ అయితే టీల వేట ఆపి డాక్టర్ దగ్గరకి వెళ్లండి. మాత్రలకంటే ముందు సీబీటీ-ఐ అనే చికిత్స గురించి అడగండి, అందులో మందుల్లేకుండా నిద్ర అలవాట్లు, నిద్ర గురించిన ఆలోచనలు మారుస్తారు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లైతే స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష, చేయించుకోవాలి. మావారికి ఇదే చెబుతున్నా, ఆయన మాత్రం తనకీ చామొమైల్ పెట్టమంటున్నారు.