టేబుల్ కొనే ముందు మీ ఆవిడ మోచేయి ఎత్తు కొలవండి

అడిగిన ప్రశ్న: "మా ఆవిడ ఇంటి నుంచే పని చేస్తోంది. 15 వేల లోపు ఇంట్లో చిన్న ఆఫీసులాగా ఏర్పాటు చేయాలి. హాల్లో ఒక మూల 4 అడుగుల గోడ ఖాళీగా ఉంది. అక్కడికి ఎలాంటి టేబుల్ కొనమంటారు?"

ఆ గోడ సంగతి తర్వాత చూద్దామండి. ముందు ఇంట్లో టేపు ఉంటే తీయండి. మీ ఆవిడని కుర్చీలో నిటారుగా కూర్చోమనండి. పాదాలు రెండూ నేలకి ఆనాలి, భుజాలు వదులుగా ఉండాలి, మోచేతులు మడవాలి. నేల నుంచి మోచేయి దాకా ఎన్ని అంగుళాలుందో రాసుకోండి. మీరు కొనాల్సిన టేబుల్ ఎత్తు అదే, అటూ ఇటూ ఒక అంగుళం. గోడ పొడవు, రంగు, సొరుగులు అన్నీ దాని తర్వాతే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఒక్క కొలత తెలియక నేను నాలుగేళ్ళు నడుము పాడుచేసుకున్నాను.

మాది రాజమండ్రి. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఇంట్లోనే కూర్చుని షాపుల లెక్కలు చూస్తున్నాను. నెలనెలా 11వ తేదీకి అమ్మకాల వివరాల రిటర్ను జీఎస్టీఆర్-1, 20వ తేదీకి పన్ను కట్టే రిటర్ను 3బీ. ఆ తేదీల ముందు మూడేసి రోజులు పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే లేచేది రాత్రి పదకొండుకే. కూర్చునేది డైనింగ్ టేబుల్ దగ్గర, ప్లాస్టిక్ కుర్చీలో. భోజనాల వేళకి ల్యాప్‌టాప్, బిల్లుల కట్టలు తీసి ఫ్రిజ్ మీద పెట్టడం, అందరూ తిన్నాక టేబుల్ తుడిచి మళ్ళీ దించుకోవడం. 2021 నవంబరు 20 రాత్రి ఆఖరి రిటర్ను వేసి లేద్దామంటే లేవలేకపోయాను. మావారు ఒక పక్క, మా అబ్బాయి ఒక పక్క పట్టుకుని మంచం దాకా నడిపించారు.

ఫిజియోథెరపీ చేసిన అమ్మాయి మొదట అడిగింది నొప్పి గురించి కాదు. "ఏ టేబుల్ దగ్గర కూర్చుని పని చేస్తారండీ?" అంది. చెప్పాను. "మీ ఎత్తెంత?" అంది. 5 అడుగుల 1 అంగుళం అన్నాను. "అయితే రోజంతా భుజాలు పైకి లేపుకుని టైపు చేస్తున్నారు" అంది. ఇంటికొచ్చి కొలిచాం. డైనింగ్ టేబుల్ 30 అంగుళాలు. నా మోచేయి ఎత్తు 25న్నర. అంత తేడాని నాలుగేళ్ళుగా నా భుజాలు, నడుము మోస్తున్నాయి.

ఈ 30 అంగుళాలు ఎవరి కోసమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏ షాపుకి వెళ్ళినా 29, 30. మన ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళ మోచేయి అంత ఎత్తులో ఉంటుంది? వంటింటి గట్టు సంగతీ ఇంతే. మా ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ 34 అంగుళాలు పెట్టేశాడు, వంట చేసేది ఎవరని అడగలేదు. మా అత్తయ్య ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. ఆవిడ ఇన్నేళ్ళూ పీట వేసుకుని, దాని మీద నిలబడి పులుసు కలుపుతున్నారు. అది ఎవరికీ తప్పుగా అనిపించలేదు, నా నడుము పట్టేసేదాకా నాతో సహా.

రెడీమేడ్ టేబుల్ వద్దనుకుని వడ్రంగిని పిలిపించాం. మా వీధిలో ఒకాయన బాత్‌రూమ్ తలుపులు మార్పిస్తూ పాత ఫ్లష్ డోర్లు బయట పెట్టారు. ఒకటి గట్టిగా, నిటారుగా ఉంది, నీటి మరక కింద జానెడు మేరే. 1,200కి ఇచ్చారు. వడ్రంగి బాబాయ్ గారికి అరవై దాటాయి, చేతిలో మంచి పని ఉంది. తలుపు చూసి సంతోషించారు. పాడైన కింది భాగం కోసేసి 5 అడుగుల బల్ల చేద్దామన్నారు. అంతా బాగానే ఉంది. "ఎత్తు 26 అంగుళాలు" అన్నాను.

ఆయన టేపు కింద పెట్టేశారు. "టేబులంటే 30 అంగుళాలేనండి. 26 అంటే చిన్నపిల్లల బల్ల అవుద్దండి. రేపు ఎవరైనా చూస్తే ఏ వడ్రంగి చేశాడంటారు" అన్నారు. నేను 26 అన్నాను. ఆయన మావారి వైపు తిరిగి, "పోనీ 29 చేద్దామండి, అమ్మగారికి అలవాటైపోద్ది" అన్నారు. టేబుల్ నాది, నడుము నాది, కొలత ఖాయం చేయమని అడిగింది మాత్రం మావారిని. నేను లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చుకుని వరండాలో కూర్చున్నాను. "బాబాయ్ గారూ, ఒక్కసారి టేపు పట్టండి" అన్నాను. పట్టారు. నేల నుంచి మోచేతికి 25న్నర. తర్వాత ఆయన్నీ కూర్చోబెట్టి కొలిచాను. ఆయనది 28. మనిషి ఆరడుగుల లోపే, అయినా 30 రాలేదు. కాసేపు టేపు వైపే చూస్తూ ఉండిపోయారు. "నలభై ఏళ్ళ నుంచి చేస్తున్నానండి, కూర్చునే మనిషిని ఎప్పుడూ కొలవలేదు" అన్నారు. తర్వాత ఇంకేం మాట్లాడలేదు. వెల్డింగ్ షాపులో ఇనప కాళ్ళు చేయించి, పైన తలుపు బిగించి, 26 అంగుళాలకి ఖచ్చితంగా తెచ్చారు. కాళ్ళకి 2,200, పైన సన్‌మైకాకి, కూలికి కలిపి 900 అయింది. పని కాస్తే కాబట్టి కూలి తక్కువ తీసుకున్నారు.

తలుపుకి తాళం పెట్టే రంధ్రం ఉంటుంది కదా, దాన్ని చెక్క పెట్టి మూసేస్తానన్నారు. వద్దన్నాను. ఆ అంచు గోడ వైపు పెట్టుకున్నాం. ఛార్జరు, మానిటరు వైర్లు అన్నీ ఇప్పుడు అందులోంచే కిందికి వెళ్తాయి. కొన్ని కొత్త టేబుళ్ళలో ఆ సౌకర్యానికి వేరే డబ్బులు తీసుకుంటారు.

మీరు రెడీమేడే కొంటానంటే ఒక్క సంగతి చూసుకోండి. తక్కువ ధరకి వచ్చేవి చాలావరకు పార్టికల్ బోర్డువి. చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేస్తారు. అంచు ఊడి లోపలికి నీళ్ళు దిగితే ఉబ్బిపోతుంది, మళ్ళీ మామూలుగా అవదు. ఇల్లు మారేటప్పుడు ఒకసారి విప్పి బిగిస్తే స్క్రూలు పట్టవు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది. ఫోటోలో తెల్లగా ఉంటుంది, పక్కన చిన్న మొక్క ఉంటుంది, వైరు ఒక్కటీ కనబడదు. ఆ ఫోటోలు చూసి మోసపోకండి. మొక్కే కావాలంటే మాకు కడియం నర్సరీలు పక్కనే ఉన్నాయి, టేబుల్ ధరలో వందో వంతుకి వస్తుంది.

ఇక కుర్చీ. మీ 15 వేలల్లో మూడో వంతు దీనికి పక్కన పెట్టండి, కానీ కొత్తది కొనకండి. అయిదు వేలకి వచ్చే కొత్త ఆఫీసు కుర్చీ ఏడాదికే స్పాంజి అణిగిపోతుంది. అదే డబ్బుకి మూతపడిన ఆఫీసుల నుంచి వచ్చే పాత కుర్చీ పదేళ్ళు ఉంటుంది. నేను అలాంటిదే 3,800కి తెచ్చుకున్నాను, వీపు వైపు వల ఉన్నది. మన ఎండలకి రెక్సిన్ కుర్చీలో ఏప్రిల్ దాటి కూర్చోలేం. కొనేటప్పుడు ఊరికే చేత్తో నొక్కి చూసి రాకండి. పది నిమిషాలు కూర్చోండి. పైకి లేపిన సీటు మెల్లగా దిగిపోతుంటే లోపలి గ్యాస్ సిలిండర్ పోయినట్టు. దానికి భయపడక్కర్లేదు, ధర తగ్గించమని అడగండి. నాది అలాగే దిగుతుంటే 700కి మార్పించాను. సీటు అంచుకి, మోకాలి వెనక భాగానికి మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. పట్టకపోతే ఆ కుర్చీ పొడుగువాళ్ళది, వదిలేయండి. కుర్చీ చేతులు టేబుల్ కిందికి దూరకపోతే అవి విప్పి తీసేయించండి.

కూర్చోబోయేది మీ ఆవిడ కాబట్టి ఆమెని వెంట తీసుకెళ్ళండి. సర్‌ప్రైజ్ ఇద్దామని మీరొక్కరే వెళ్ళి కొనుక్కు రాకండి, దయచేసి.

కుర్చీ ఎంత దించినా నా పాదాలు పూర్తిగా ఆనలేదు. అత్తయ్య వంటింట్లోంచి ఆవిడ పీట తెచ్చి నా కాళ్ళ కింద పెట్టారు. "నేను పెద్దది చేయించుకుంటాలే" అన్నారు. బాబాయ్ గారు మిగిలిన తలుపు ముక్కతోనే ఆవిడకి వెడల్పాటి పీట, కదలకుండా ఉండేది, చేసిచ్చారు.

ల్యాప్‌టాప్ మీద వంగి పని చేస్తే మెడ పోతుంది, కాబట్టి తెర పైఅంచు కళ్ళకి సమానంగా రావాలి. 2,400కి పాత మానిటరు, 900కి కీబోర్డు, మౌస్. మానిటరు తెరకి పక్కవైపున కిటికీ ఉండాలి. ఎదురుగా ఉంటే కళ్ళలో వెలుగు, వెనక ఉంటే తెర మీద వెలుగు. వాస్తు ప్రకారం తూర్పు ముఖంగా కూర్చోమని మా పెదమామగారు చెప్పారు. తూర్పునే కిటికీ ఉంది. నేను ఉత్తరం వైపు తిరిగి కూర్చున్నాను, నా పనికేం లోటు రాలేదు. 280కి ట్యూబ్‌లైటు, 650కి మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు, కరెంటు పోయినా వైఫై ఆగకుండా రూటరుకి 1,300 పెట్టి చిన్న యూపీఎస్. 20వ తేదీ సాయంత్రం నెట్ పోతే ఆ టెన్షన్ ఏంటో మా పని చేసేవాళ్ళకి తెలుసు. మొత్తం 14,330 అయింది. మీరడిగిన 15 వేలల్లో పడుతుంది. ధరలు మాత్రం అప్పటివి, ఇప్పుడు కొంచెం పెరిగి ఉంటాయి.

బిల్లులు అడిగి తీసుకోండి. మీ ఆవిడ జీతం మీద కాకుండా సొంతంగా పని చేస్తుంటే, ఫర్నిచర్ మీద ఏడాదికి 10 శాతం, కంప్యూటర్ మీద 40 శాతం తరుగుదల ఖర్చు కింద చూపించుకోవచ్చు. ప్రిజంప్టివ్ పద్ధతిలో, అంటే వచ్చిన డబ్బులో ఇంత శాతం లాభమని లెక్కగట్టి రిటర్ను వేస్తే, అది విడిగా రాదు.

ఇప్పుడు మీ హాలు సంగతి. అక్కడ వద్దండి. టీవీ అక్కడే, వచ్చేవాళ్ళు కూర్చునేదీ అక్కడే. హాల్లో పని చేసే ఆడమనిషిని ఎవరూ పనిలో ఉందనుకోరు. గ్యాస్ బండ వస్తే ఆమే లేవాలి, కొరియర్ వస్తే ఆమే లేవాలి. "ఇంట్లోనే ఉన్నావు కదా" అనే మాట నేను విన్నన్ని సార్లు నా పేరు కూడా వినలేదు. నేను టేబుల్ వేసుకున్నది మా సామాన్ల గదిలో. 8 అడుగులకి 6 అడుగులు, ఒక కిటికీ. బియ్యం డ్రమ్ము, ఆవకాయ జాడీలు, పెళ్ళికి కొన్న గంగాళం అన్నీ అందులోనే ఉండేవి. రెండు రోజులు సర్దాం. కొన్ని అటక మీదికి, కొన్ని మంచం కిందికి. చిన్న గదే, ఎండాకాలం ఉక్కపోస్తుంది, పాత టేబుల్ ఫ్యాన్ పెట్టుకున్నాను. కానీ దానికి తలుపుంది. ఆ తలుపు వేశాక ఇంట్లోవాళ్ళు తట్టి వస్తున్నారు. మొదటి వారం మా అబ్బాయి తట్టినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

మీ ఇంట్లో సామాన్ల గది ఉందేమో, లేకపోతే పడకగదిలో కిటికీ పక్కన అయిదడుగుల చోటు వస్తుందేమో చూడండి. ఎక్కడ కావాలో ఆవిడనే అడగండి. మోచేయి కొలత, కిటికీ ఏ వైపు ఉందో కింద రాస్తే టేబుల్ ఎంత పొడవు, ఎంత లోతు చేయించాలో నేను లెక్కేసి చెబుతాను. 20వ తేదీ లోపు అయితే జవాబు కాస్త ఆలస్యం అవుతుంది.