800కె మాక్ ఫ్లాపీల్లోని ఫైళ్లు ఇప్పటి కంప్యూటర్‌లోకి ఎలా తెచ్చుకోవాలి? నేను పడ్డ పాట్లు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: యాపిల్ వారి పాత కంప్యూటర్ మాకింటాష్ (మాక్) ప్లస్‌లో రాసుకున్న మూడున్నర అంగుళాల ఫ్లాపీలు ఒక పెట్టెడు ఉన్నాయి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొని విండోస్ కంప్యూటర్‌కి తగిలిస్తే, ఏ ఫ్లాపీ పెట్టినా ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతోంది. డిస్కులన్నీ పాడైపోయాయా, వేరే దారి ఏమైనా ఉందా అని మీ సందేహం.

ముందు ఆ ఫార్మాట్ బటన్ మాత్రం నొక్కకండి. నేను నొక్కాను. మా మేనమామ పోయాక ఆయన అల్మరాలో నలభై పైచిలుకు ఫ్లాపీలు దొరికాయి. వాటిలో నేను మొదట చేతిలోకి తీసుకున్నది అలాగే పోయింది. దాని మీద ఆయన చేతిరాతతో "ఉత్తరాలు - 2" అని ఉంది. ఒకటి, మూడు ఇప్పుడు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. రెండు లేదు.

అందుకే డ్రైవ్ జోలికి వెళ్లకముందే ప్రతి ఫ్లాపీకీ రాత అడ్డుకునే మీట జరపండి. మూడున్నర అంగుళాల దాంట్లో మీట జరిపాక ఆ కన్నంలోంచి అటువైపు వెలుతురు కనిపించాలి. అప్పుడే దాని మీద రాయడం కుదరదు. అయిదుంపావు అంగుళాల వాటికి ఇది సరిగ్గా తిరగేసి ఉంటుంది: పక్కనున్న గాటు మూస్తేనే రక్షణ. ఇది చాదస్తం అనుకోకండి. విండోస్ 95 లాంటివి ఊరికే చదవడానికి పెట్టిన ఫ్లాపీ మీద కూడా బూట్ సెక్టర్‌లో (డిస్కు మొదట్లో ఉండే ముక్క) తమ గుర్తు కొన్ని బైట్లు రాసేసేవి.

ఇక డిస్కులు పాడయ్యాయా అంటే, చాలావరకు అయ్యుండవు. వాటిని చదవడం మీ డ్రైవ్‌కి చేతకాదు, అంతే. పీసీ ఫ్లాపీ డ్రైవ్ నిమిషానికి 300 చుట్లు, ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది. ప్రతి ట్రాక్‌లోనూ (డిస్కు మీది గుండ్రటి వరస) సెక్టర్లు (ఆ వరసలోని ముక్కలు) సమానంగా ఉంటాయి: 720కె డిస్కులో తొమ్మిది, 1.44 ఎంబీ డిస్కులో పద్దెనిమిది. పాత మాక్ పద్ధతి వేరు. బయటి ట్రాక్ చుట్టుకొలత ఎక్కువ కదా, అక్కడ ఎక్కువ సరుకు పట్టించారు. 80 ట్రాక్‌లను పదహారేసి చొప్పున ఐదు భాగాలు చేసి, బయటి నుంచి లోపలికి వరసగా 12, 11, 10, 9, 8 సెక్టర్లు పెట్టారు. కూడి చూడండి, ఒక వైపుకి 800 సెక్టర్లు. సెక్టర్‌కి 512 బైట్లు అనుకుంటే 400కె, రెండు వైపులా కలిపి 800కె. దీనికోసం మోటారు వేగమే మారుతుంది. బయట సుమారు 390 చుట్లు, లోపలికి వచ్చేసరికి 590 దాకా. మాక్ డ్రైవ్ పని చేస్తుంటే రాగం మారుతున్నట్టు వినిపించేది అందుకే. దానికి తోడు బిట్లను అయస్కాంత గుర్తులుగా మార్చే పద్ధతి కూడా వేరు. పీసీది ఎంఎఫ్‌ఎం, మాక్‌ది జీసీఆర్. యూఎస్‌బీ డ్రైవ్‌లోని చిప్‌కి మామూలుగా 720కె, 1.44 ఎంబీ తప్ప వేరేవి తెలియవు. ఏ సాఫ్ట్‌వేర్ వేసినా దానికి జీసీఆర్ నేర్పలేం. ఈ మాట ఎవరూ చెప్పక రెండు వారాంతాలు ప్రోగ్రాములు మార్చి మార్చి వేస్తూ పోగొట్టుకున్నాను.

అన్ని పాత యంత్రాలూ ఇలా మొండికేయవు. అటారీ ఎస్‌టీ డిస్కులు దాదాపు డాస్ (పాత పీసీల ఆపరేటింగ్ సిస్టమ్) పద్ధతిలోనే ఉంటాయి కాబట్టి చాలావరకు పీసీలో నేరుగా తెరుచుకుంటాయి. అమిగా డిస్కు తిరిగే వేగం పీసీదే, ఎంఎఫ్‌ఎం కూడా అదే. అయినా ట్రాక్‌కి 11 సెక్టర్లు ఖాళీ లేకుండా తన సొంత పద్ధతిలో కుక్కి 880కె చేసింది కాబట్టి పీసీ కంట్రోలర్‌కి అంతు చిక్కదు.

మీ పెట్టెలోవి కూడా అన్నీ ఒకే రకం కాకపోవచ్చు. మీట ఉన్న మూల కాకుండా రెండో మూలలో కూడా కన్నం ఉంటే అది హై డెన్సిటీ డిస్కు. అలాంటివి పక్కకి తీయండి. అవి 1.44 ఎంబీగా ఫార్మాట్ అయ్యుంటే మాక్ కూడా ఎంఎఫ్‌ఎంలోనే రాసి ఉంటుంది. మీ యూఎస్‌బీ డ్రైవ్ వాటి సెక్టర్లను చదవగలదు, విండోస్‌కి తెలియనిది లోపలున్న హెచ్‌ఎఫ్‌ఎస్, అంటే డిస్కు మీద ఫైళ్లు అమర్చే మాక్ పద్ధతి మాత్రమే. మొత్తం డిస్కును ఉన్నదున్నట్టు నకలుగా, ఒక ఇమేజ్ ఫైల్‌గా తీసుకుంటే సగం పని అయిపోయినట్టే. అయితే మీ ప్లస్ డ్రైవ్‌కి ఆ రెండో కన్నం సంగతే తెలియదు, హై డెన్సిటీ డిస్కు పెట్టినా 800కె గానే ఫార్మాట్ చేస్తుంది. అలాంటి దాన్ని తర్వాత వచ్చిన మాక్‌లో పెడితే, కన్నం చూసి 1.44 అనుకుని చదవలేనంటుంది. కన్నం మీద టేపు ముక్క అతికిస్తే చదువుతుంది.

అసలు 800కె వాటికి నేను వాడిన దారి మధ్యవర్తి మాక్. 1988లో మాకింటాష్ టూఎక్స్‌తో సూపర్‌డ్రైవ్ అనే ఫ్లాపీ డ్రైవ్ వచ్చింది. అది 800కె డిస్కూ చదువుతుంది, పీసీ వాడే 1.44 డిస్కూ రాస్తుంది. 1998లో ఐమాక్ వచ్చి ఫ్లాపీని వదిలేసేదాకా చాలా మాక్‌లలో అదే ఉండేది. స్నేహితుడి ఇంట్లో మూలన పడి ఉన్న ఒక మాకింటాష్ ఎల్‌సీ అరువు తెచ్చుకున్నాను. అందులో సిస్టమ్ 7.5 ఉంది, దాంతో పాటే వచ్చే పీసీ ఎక్స్ఛేంజ్ వల్ల డాస్ ఫ్లాపీ కూడా డెస్క్‌టాప్ మీద మామూలు డిస్కులాగే కనిపించింది. ఒక డిస్కులోంచి ఇంకో డిస్కులోకి లాగి వదలడమే కదా అని సంబరపడ్డాను.

నా రెండో తప్పు ఇక్కడే. మాక్ ఫైల్‌కి రెండు భాగాలుంటాయి: డేటా ఫోర్క్, రిసోర్స్ ఫోర్క్. డాస్ డిస్కులో ఒక ఫైల్‌కి ఒక్క భాగానికే చోటు. అందుకని పీసీ ఎక్స్ఛేంజ్ ఆ రెండో భాగాన్ని అదే డిస్కు మీద రిసోర్స్ డాట్ ఎఫ్ఆర్‌కె (RESOURCE.FRK) అనే దాచిన ఫోల్డర్‌లో పెడుతుంది, ఫైల్ రకం వివరాలు ఫైండర్ డాట్ డీఏటీ (FINDER.DAT) అనే ఫైల్‌లో రాసుకుంటుంది. పీసీలో అవి చూసి ఏదో చెత్త అనుకుని తీసేశాను. ఉత్తరాలకి ఏమీ కాలేదు, అక్షరాలు డేటా ఫోర్క్‌లో ఉంటాయి కాబట్టి. మేనమామ దాచుకున్న ఫాంట్‌లు, చిన్న చిన్న ప్రోగ్రాములు మాత్రం సున్నా బైట్ల ఫైళ్లుగా మిగిలాయి. అసలు డిస్కులు ఇంకా ఉన్నాయి కాబట్టి మళ్లీ మొదటి నుంచి చేశాను. ఈసారి మాక్‌లోనే స్టఫిట్ అనే ప్రోగ్రామ్‌తో రెండు భాగాలనూ కట్టకట్టి, దాన్ని బిన్‌హెక్స్‌లోకి (ఉత్త అక్షరాల రూపంలోకి) మార్చి, అప్పుడు డాస్ ఫ్లాపీ మీదకి ఎక్కించాను. ఫైల్ కాస్త లావెక్కుతుంది, కానీ ఏ దారిన పోయినా ముక్క ఊడిపోదు.

మధ్యవర్తి దొరక్కపోయినా మీ ప్లస్ ఆన్ అవుతుంటే సీరియల్ కేబుల్ ఉంది. అటూ ఇటూ టెర్మినల్ ప్రోగ్రామ్ (కేబుల్ మీదుగా ఫైళ్లు పంపేది), మధ్యలో రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే నల్ మోడెమ్ కేబుల్, ఫైల్ పంపే పద్ధతిగా ఎక్స్‌మోడెమ్ గానీ కెర్మిట్ గానీ. 9600 వేగంలో సెకనుకి 960 బైట్లకి మించవు, అంటే నిండు 800కె డిస్కుకి తక్కువలో తక్కువ పద్నాలుగు నిమిషాలు. విసుగే, కానీ ఫ్లాపీ తన సొంత డ్రైవ్ దాటి బయటికి రానక్కర్లేదు. ఎక్స్‌మోడెమ్ 128 బైట్ల ముక్కలుగా పంపుతుంది కాబట్టి ఫైల్ చివర కొన్ని అదనపు బైట్లు చేరతాయి, చూసి కంగారు పడకండి. చిక్కంతా ఆ టెర్మినల్ ప్రోగ్రామ్‌ని ప్లస్‌లోకి ఎక్కించడమే. అది ఇప్పటికే ఆ పెట్టెలో ఏదో ఒక డిస్కు మీద ఉంటే మీ అదృష్టం.

ప్లస్‌లో మాత్రం మొదట పనికిరాని డిస్కు ఒకటి పెట్టి చూడండి. ఆ డ్రైవ్‌లలో గ్రీజు ఏళ్లు గడిచేసరికి గట్టిపడి డిస్కు బయటికి రాదు. బలవంతంగా లాగితే పై హెడ్ (డిస్కును చదివే భాగం) డిస్కు షట్టర్‌కి (పక్కకి జరిగే మూత) తగులుకుని ఊడి వస్తుంది.

ఇవేవీ కుదరకపోతే, నిజానికి ఇవాళ మొదలుపెట్టే వాళ్లకి ముందుగా ఇదే చెబుతాను, గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు తీసుకోండి. యూఎస్‌బీది కాకుండా పాత డెస్క్‌టాప్‌లలో ఉండే మామూలు 1.44 ఎంబీ డ్రైవ్‌ని రిబ్బన్ కేబుల్‌తో దానికి తగిలించాలి. ఇది సెక్టర్లని వెతకదు. హెడ్ కింద అయస్కాంత దిశ ఎప్పుడెప్పుడు మారిందో ఆ క్షణాలని రికార్డు చేసి పంపుతుంది. అర్థం చెప్పుకునే పని కంప్యూటర్‌ది. అందుకే మోటారు ఒకే వేగంతో తిరిగినా 800కె మాక్ డిస్కు చదవగలదు, అమిగా డిస్కూ చదవగలదు. నేరుగా ఇమేజ్‌గా మార్చకుండా ముందు ఆ ముడి రికార్డునే దాచుకోండి. ఎక్కడైనా సెక్టర్ చదవలేదంటే, ఫ్లాపీని మళ్లీ తిప్పకుండా ఆ ఫైల్ మీదే ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు. మేనమామ డిస్కుల్లో ఎల్‌సీ చదవలేనన్న మూడింటిలో రెండు ఇలాగే వచ్చాయి.

ఇమేజ్ చేతికొచ్చాక విండోస్‌లో హెచ్‌ఎఫ్‌వీ ఎక్స్‌ప్లోరర్, లైనక్స్‌లో హెచ్‌ఎఫ్‌ఎస్ యుటిల్స్ వాటిని తెరుస్తాయి. కొత్త మాక్‌ని నమ్ముకోకండి, 2019లో వచ్చిన కాటలీనా అనే మాక్ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి అది ఈ పాత హెచ్‌ఎఫ్‌ఎస్‌ని చదవదు. 400కె డిస్కులైతే ఇంకా పాత ఎంఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఉండొచ్చు, వాటిని మినీ వీమాక్ ఎమ్యులేటర్‌లో (పాత మాక్‌ని అనుకరించే ప్రోగ్రామ్) తెరవడం మేలు. మాక్‌రైట్ (పాత మాక్‌లలో ఉత్తరాలు రాసే ప్రోగ్రామ్) ఫైళ్లని లిబ్రేఆఫీస్ చాలావరకు తెరుస్తుంది. ఉత్త టెక్స్ట్ ఫైల్ అంతా ఒకే పొడవాటి లైనుగా కనిపిస్తే అది పాడైనట్టు కాదు, మాక్ లైను చివర పెట్టే గుర్తు వేరు, ఎడిటర్‌లో మార్చుకుంటే సరి.

అన్నట్టు, పెట్టెలో బూజు పట్టినవి ఉంటే వాటిని చివరికి ఉంచండి. షట్టర్ జరిపి చూస్తే పొరమీద తెల్లటి మచ్చలు తెలుస్తాయి. ఆ బూజు హెడ్‌కి అంటుకుందంటే తర్వాత పెట్టిన మంచి డిస్కుని గీకేస్తుంది. నేను అలాంటి దాని తర్వాత ప్రతిసారీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్ తుడిచాకే ఇంకోటి పెట్టాను.