స్క్రూటినీర్‌గా తొలి రేసుకు వెళ్తున్న మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. వచ్చే నెల కారు రేసులకు నిన్ను, కార్లు రూల్ ప్రకారం ఉన్నాయో లేదో కొలిచి చూసే చీఫ్ స్క్రూటినీర్‌గా వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. వెంటనే నీకూ ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, చెప్పాల్సినవి వరసగా గుర్తు రావని ఉత్తరం రాస్తున్నాను. రూల్ బుక్ నువ్వు నాకంటే బాగా చదివి ఉంటావు. అందులో దొరకనివి చెప్తాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. నేను ఈ పనిలోకి వచ్చిన మూడో ఏడు. రేసు గెలిచిన కారును తూకానికి ఎక్కిస్తే కనీస బరువుకు రెండు కిలోలు తక్కువ చూపించింది. డ్రైవర్ కుర్రాడు, అదే వాడి మొదటి గెలుపు. టీం మేనేజర్ మళ్లీ తూయమన్నాడు. తూశాను. అదే అంకె. రిపోర్టు రాసిచ్చాను, రేసులో తీర్పు చెప్పే స్టీవర్డ్స్ డిస్‌క్వాలిఫై చేశారు. సాయంత్రం సామాను సర్దుతుంటే స్కేలు నాలుగు ప్యాడ్లలో ఒకదాని కింద నేల కుంగి కనిపించింది. పొద్దున మట్టం చూసే పెట్టాం. మధ్యలో వాన వచ్చిందని స్కేలును పక్కకు జరిపాం, జరిపాక మళ్లీ మట్టం చూడలేదు. బరువు ఎంతో తెలిసిన దిమ్మలు పెట్టి చూస్తే తేడా బయటపడింది. పెద్దవాళ్లకు చెప్పాను. ప్రొటెస్ట్, అంటే ఫలితం మీద ఫిర్యాదు, వేసే గడువు దాటిపోయింది, ఇక వదిలేయమన్నారు. నేను వదిలేశాను. ఆ వదిలేయడం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదమ్మా.

రెండోసారి తూయమన్నప్పుడు నేను అదే స్కేలు మీద తూశాను, చూశావా? తప్పు స్కేలు మీద పదిసార్లు తూసినా తప్పు అంకే వస్తుంది. మళ్లీ కొలవడమంటే ఇంకో పరికరంతో కొలవడం. అది నాకు తెలిసేసరికి ఒక కుర్రాడి కప్పు పోయింది.

2024 ఫార్ములా వన్ బెల్జియం గ్రాండ్ ప్రి గుర్తుందిగా. జార్జ్ రసెల్ గెలిచాడు. రేసు అయ్యాక మొదట తూస్తే కారు సరిగ్గా 798 కిలోలు, అంటే ఇంధనం లేకుండా ఉండాల్సిన కనీస బరువు ఎంతో అంతే ఉంది. 2.8 లీటర్ల ఇంధనం బయటకు తీసి తూస్తే 796.5 వచ్చింది. గెలుపు హామిల్టన్‌కి వెళ్లింది. అందరూ ఆ ఒకటిన్నర కిలో గురించే మాట్లాడుకున్నారు. స్టీవర్డ్స్ నిర్ణయంలో నాకు నచ్చింది వేరే సంగతి. కారును లోపలి స్కేలు మీదా, బయటి స్కేలు మీదా తూశారు. రెండింటి కాలిబ్రేషన్ సరిగ్గా ఉందని టీం వాళ్ల కళ్లెదుటే నిర్ధారించారు. టీం అప్పీలుకు పోలేదు. గెలిచిన కారును పక్కన పెట్టాల్సి వస్తే ఇలాగే చేయాలి.

అంకె లిమిట్ దాటినట్టు కనిపించిన తర్వాతి పది నిమిషాలు చాలా ముఖ్యం. గుండె దడదడలాడుతుంది, చుట్టూ జనం మూగుతారు. అప్పుడు నువ్వు ఎవరితోనూ మాట్లాడొద్దు. కొలిచే పరికరం, అదే గేజ్, తుడువు, కొలిచే చోట దుమ్ము, రబ్బరు ముక్కలు లేకుండా చూడు. అంకెను కాగితం మీద రాయి, టైం వేయి. టీం ప్రతినిధిని పిలిచి, అతని ముందు రెండో గేజ్‌తో కొలువు. 2021లో బ్రెజిల్‌లో హామిల్టన్ కారు వెనక రెక్కలో డీఆర్ఎస్ ఖాళీ, అంటే వేగం కోసం రెక్క తెరిచినప్పుడు వచ్చే సందు, 85 మిల్లీమీటర్లు దాటిందన్నప్పుడు పరీక్షను నాలుగుసార్లు చేశారు, రెండు వేర్వేరు గేజ్‌లతో. ఒకసారి స్టీవర్డ్స్, టీం వాళ్లు దగ్గరుండి చూశారు. తేడా 0.2 మిల్లీమీటర్లేనని టీం తర్వాత చెప్పింది. క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానం పోయింది, స్ప్రింట్ అనే చిన్న రేసులో అందరికంటే వెనక నుంచి మొదలుపెట్టాడు. కావాలని చేసింది కాదని స్టీవర్డ్స్ కూడా రాశారు. అయినా శిక్ష తగ్గలేదు.

ఇక్కడే నిన్ను ఎక్కువమంది నిలదీస్తారు. "ఇంత చిన్న తేడాతో మాకేం స్పీడ్ పెరిగింది?" అంటారు. ఆ ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పొద్దు. జవాబు చెప్పడం మొదలుపెట్టావంటే ఎంత తేడాకి ఎంత లాభమో ప్రతి కారుకూ నువ్వే లెక్కగట్టాలి, అది ఎవరి తరమూ కాదు. 2021 హంగరీలో వెటెల్ రెండో స్థానంలో వచ్చాడు. రేసు తర్వాత పరీక్షకు ఒక లీటర్ ఇంధనం ఇవ్వాలి. బయటకు వచ్చింది 0.3 లీటర్లే. ట్యాంకులో ఇంకా ఉందని టీం వాదించింది, లాభమేమీ పొందలేదంది. నిజంగానే పొంది ఉండకపోవచ్చు. కానీ శాంపిల్ ఇవ్వని కారులో ఏ ఇంధనం ఉందో తేల్చడం ఎలా? ఆ రూల్ ఉన్నదే అందుకు. నాకు వెటెల్ అంటే చాలా ఇష్టం. ఆ రోజు బాధపడ్డాను. అయినా ఆ నిర్ణయం సరైనదేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

అలాగని అంకె కనపడగానే నమ్మేయకు. 1999 మలేసియాలో ఫెరారీ కార్లు రెండూ మొదటి రెండు స్థానాల్లో వచ్చి, గాలిని మళ్లించే పక్క డిఫ్లెక్టర్ల కొలత తప్పిందని డిస్‌క్వాలిఫై అయ్యాయి. అది అలాగే ఉంటే వాళ్ల ప్రత్యర్థి హక్కినెన్‌కి అక్కడే చాంపియన్‌షిప్ వచ్చేసేది. వారం తిరక్కుండానే అప్పీలు కోర్టు ఫలితాన్ని తిరిగి ఇచ్చేసింది. సరైన పద్ధతిలో కొలిస్తే తేడా అనుమతించిన 5 మిల్లీమీటర్లలోపే ఉందని తేలింది. భాగం అదే, కొలిచిన తీరు మారింది, అంతే. కాబట్టి ఎక్కడ నుంచి ఎక్కడికి కొలవాలి, భాగాన్ని ఎలా పట్టుకోవాలి, ఎంత వెసులుబాటు ఉంది అన్నవి రేసు వారం మొదలయ్యే ముందే రాసి టీంలన్నిటికీ ఇవ్వు. గురువారం రాత్రి వాళ్లు వచ్చి నీ గేజ్‌తో తమ కారు కొలుచుకుంటామంటే కొలుచుకోనివ్వు. దాచిపెట్టి పట్టుకోవడం మన పని కాదు. తప్పుగా ఉన్న కారు ట్రాక్ ఎక్కకుండా చూడటమే మంచి స్క్రూటినీ.

కారును విప్పి టేబుల్ మీద పెట్టి చూసినప్పుడు అంతా బాగున్నట్టు కనిపించే మోసాలు ఉన్నాయి. 1995లో ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో టొయోటా టర్బో రిస్ట్రిక్టర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని తగ్గించే భాగం) కథ చదువు. కారుకు బిగించి ఉన్నప్పుడు రిస్ట్రిక్టర్ జరిగి, పక్కనుంచి అదనపు గాలి లోపలికి పోతుంది. తనిఖీ కోసం గొట్టం విప్పగానే స్ప్రింగుల బలంతో అన్నీ మామూలు స్థానానికి వచ్చేస్తాయి. ఆ ఏడాది పాయింట్లు పోయాయి, పన్నెండు నెలల నిషేధం పడింది. అందుకే భాగాన్ని విప్పకముందు, బిగించి ఉన్న స్థితిలో చూడటం అలవాటు చేసుకో. విప్పుతున్నప్పుడు చప్పుడు విను, చేతికి ఏం తగులుతోందో గమనించు. 2005లో ఇమోలా రేసులో బీఏఆర్ టీం కారు ట్యాంకు ఖాళీ అయ్యిందన్నాక కూడా లోపల ఇంకో అరలో ఇంధనం దొరికింది. అది కూడా తీసేస్తే కారు 594.6 కిలోలు, ఉండాల్సింది 600. ఆ రోజు స్టీవర్డ్స్ ఒప్పుకుని వదిలేశారు. ప్రపంచ మోటార్ రేసింగ్‌ను నడిపే సంస్థ ఎఫ్ఐఏ అప్పీలుకు వెళ్లాక ఫలితమూ పోయింది, తర్వాత రెండు రేసులకూ టీంను ఆపేశారు. "ఖాళీ చేశాం" అన్న మాట వినకు. ఖాళీ అయ్యిందో లేదో నువ్వే చూడు.

అయితే నీ రిపోర్టులో "మోసం" అన్న మాట ఎప్పుడూ రాయకు. రూల్ నంబరు, అనుమతించిన అంకె, నువ్వు కొలిచిన అంకె, ఏ పరికరంతో, ఎవరి ఎదుట. అంతే. ఉద్దేశం ఏమిటో, శిక్ష ఎంతో తేల్చేది స్టీవర్డ్స్.

ఇంకో రకం కేసు నిన్ను ఎక్కువ కష్టపెడుతుంది. రూల్‌లో ఎక్కడా కాదని లేదు, కానీ చూడగానే ఇది ఆ రూల్ రాసినవాళ్లు ఊహించనిదని తెలిసిపోతుంది. 2020లో మెర్సిడెస్ స్టీరింగ్‌ను ముందుకూ వెనక్కూ లాగితే ముందు చక్రాల కోణం మారే డీఏఎస్ తెచ్చింది. ఆస్ట్రియాలో రెడ్ బుల్ ప్రొటెస్ట్ వేసింది. అది స్టీరింగ్‌లో భాగమేనని స్టీవర్డ్స్ కొట్టేశారు. మరుసటి ఏడాది రూల్స్‌లో ఆ దారి మూసేశారు. నా దృష్టిలో న్యాయంగా చేయడమంటే అది. కష్టపడి ఆలోచించినవాడికి ఆ ఏడు దక్కింది, తర్వాత అందరికీ ఒకే గీత గీశారు. నీకు నచ్చలేదని కారును ఆపకు. అనుమానం ఉంటే రాతపూర్వకంగా పైకి పంపు, వచ్చిన జవాబును ఒక్క టీంకే కాదు, అందరికీ చెప్పు.

ఏ కార్లను చూడాలన్నది కూడా ఆలోచించు. అన్నిటినీ అన్ని కోణాల్లో చూసే టైం ఎప్పుడూ ఉండదు. 2023లో ఆస్టిన్‌లో నాలుగు కార్ల అడుగున ఉండే ప్లాంక్ అనే పలక అరుగుదల చూస్తే రెండు తప్పాయి, హామిల్టన్‌దీ లెక్లెర్‌దీ. మిగతావాటి సంగతేమిటని జనం అడిగారు. ఆ ప్రశ్న నాకు సబబుగానే తోచింది. చూసినవాటిలో సగం తప్పినప్పుడు ఇంకో నాలుగైదు చూసి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. నువ్వైతే ఇలా చేయి: మొదటి మూడు కార్లు ఎలాగూ తప్పవు, వాటితోపాటు ఇంకో రెండింటిని రేసు మొదలయ్యే ముందే చీటీ తీసి, కవర్లో పెట్టి స్టీవర్డ్స్‌కి ఇచ్చేయి. ఒక తప్పు బయటపడితే అదే తప్పు కోసం ఇంకా ఎన్ని చూడగలవో అన్నీ చూడు. చివర వచ్చిన కారును కూడా అప్పుడప్పుడు విప్పించు. వెనక పరిగెత్తేవాళ్లకు మనం వాళ్లనూ లెక్కలోకి తీసుకున్నామని తెలియాలి.

నీ ఫ్రెండ్ పనిచేసే టీం ఈ రేసులో ఉందని మీ అమ్మ చెప్పింది. ఆ కారు దగ్గరకు నువ్వు వెళ్లకు, నీ కింద ఉన్న ఇంకొకరిని పంపు. ఆ సంగతి మొదటిరోజే కాగితం మీద పెట్టు. నువ్వు నిజాయితీగల పిల్లవని నాకు తెలుసు. కానీ ఓడినవాడికి తెలియాల్సిన పని లేదు కదా. అమెరికాలో ఇండీకార్ రేసు సిరీస్ యజమానే ఒక టీంకీ యజమాని. 2024లో పుష్ టు పాస్ (కాసేపు అదనపు పవర్ ఇచ్చే బటన్) విషయంలో, 2025లో ఇండియానాపొలిస్ 500 క్వాలిఫయింగ్‌లో ఆ టీం కార్లు రూల్ తప్పినట్టు తేలేసరికి, శిక్షలు వేసినా అనుమానం పోలేదు. చివరికి రేసు అధికారులను విడిగా, స్వతంత్రంగా పెట్టాల్సి వచ్చింది.

ఏ కారణంతో ఏం చేశావో దాచమని ఎవరడిగినా ఒప్పుకోకు. 2020 ఫిబ్రవరిలో ఎఫ్ఐఏ ఫెరారీ ఇంజిన్ మీద విచారణను రహస్య ఒప్పందంతో ముగించింది. ఏడు టీంలు బహిరంగంగా అభ్యంతరం చెప్పాయి. తప్పు జరిగిందో లేదో ఈ రోజుకీ బయటివాళ్లకు తెలియదు. అది ఫెరారీకీ అన్యాయమే. తప్పు చేయకపోతే ఆ మచ్చ పోయే దారి లేదు.

చివరగా ఒక్క మాట. డిస్‌క్వాలిఫై అయిన డ్రైవర్ నీ దగ్గరకు వస్తాడు. ఎక్కువసార్లు వాడికి కారులో ఏం జరిగిందో కూడా తెలియదు. తలుపు వేసుకోకు. గేజ్ చూపించు, అంకె చూపించు, కావాలంటే వాడి చేతికే గేజ్ ఇచ్చి కొలవమను. అరిస్తే అరవనీ. అప్పీలు ఎలా వేయాలో, ఎన్ని గంటల్లోపు వేయాలో నువ్వే చెప్పు. నేను ఆ కుర్రాడికి ఆ రోజు ఇవేవీ చెప్పలేదు. గడువు దాటేదాకా నా గదిలోనే కూర్చున్నాను.

నా పాత రసమట్టం పార్సిల్ చేశాను, ఎల్లుండికి అందుతుంది. గాజు గొట్టంలో బుడగ ఇంకా చక్కగా నడుస్తోంది. స్కేలు ఒక్క అడుగు జరిపినా మళ్లీ పెట్టి చూడు.

మీ మామయ్య